పనిని నడిపే బుద్ధికి మార్కులు

ముప్పైనాలుగు సంవత్సరాలు తెలుగు పండితుడిగా పనిచేసి, పిల్లల జవాబుపత్రాల మీద ఎఱ్ఱసిరాతో అంకెలు వేసినవాణ్ణి. అంకెను ఎట్లా చదవవలెనో నాకు తెలుసునని నమ్మి ఉంటిని. ఆ నమ్మకం ఎంత పలుచనిదో రెండేండ్ల క్రిందట ధర్మవరంలో, మా తమ్ముని ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు తెలిసినది.

తమ్ముడు పట్టుచీరల వ్యాపారి. సొంత మగ్గాలు ఆరు. బయట మరొక పది ఇండ్లకు పడుగు, జరీ ఇచ్చి నేయించేవాడు. యాభై ఎనిమిదవ ఏట బండి మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలించుకొన్నాడు. గాయం మానింది. మాట తడబడలేదు, నడక తప్పలేదు, ఎక్కాలు మరచిపోలేదు. కాని ఒకరికి చెప్పవలసిన అంచు రంగు మరొకరికి చెప్పేవాడు. ఒక నేతగానికి కూలి రెండుసార్లు ఇచ్చి, ఇంకొకరిని మరచేవాడు. చిన్న మాటకే కంచం విసిరేటంత కోపం.

ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటి బెంగళూరు చేరవచ్చు. మా ప్రాంతంలో పెద్ద జబ్బులన్నింటికీ అదే దారి. అక్కడి ఆసుపత్రిలో స్కానింగు అయిన తరువాత మనస్తత్వ నిపుణురాలు రెండు ప్రశ్నావళులు ఇచ్చినారు. ఒకటి తమ్ముడు తన్ను గురించి తాను నింపవలసినది. రెండవది మా మరదలు అతణ్ణి గురించి నింపవలసినది. రెండు వారాల తరువాత వచ్చి వివరాలు తెలుసుకొమ్మన్నారు. ఫలితాల కాగితం మాత్రం ముందే ఇంటికి చేరినది. తమ్ముని కాగితంలో మొత్తం మీద 49. మరదలి కాగితంలో 72.

ఆ రెండంకెలతో ఇల్లు రెండుగా చీలినది. "పెదనాన్నా, నూటికి డెబ్బైరెండు వంతులు చెడిపోయిందని కాగితమే చెప్తాంది. ఇంక లెక్కలన్నీ నాకు అప్పగిచ్చమను" అన్నాడు తమ్ముని కొడుకు. "పాసు మార్కు ముప్పైఐదు గదన్నా! నాకు నలభైతొమ్మిది వచ్చింది. నాకేమయిందని?" అన్నాడు తమ్ముడు. మరదలు తలుపు చాటున నిలబడి, "బావా, నేను ఉన్నదే రాస్తిని, అబద్ధం రాయలేదు" అని కన్నీరు పెట్టుకొన్నది. మార్కులు వేసిన అనుభవం ఉన్నది గనుక తీర్పు చెప్పవలసినది నేనేనట.

నేను తీర్పు చెప్పలేదు. ఆ అంకెలు ఎక్కడ పుట్టినవో, ఏమి చెప్పగలవో తెలుసుకొన్న తరువాతనే మాట్లాడతానన్నాను. ఆ రెండు వారాలలోను, ఆ తరువాతను నేను చదివి గ్రహించినదే ఈ వ్యాసం.

మొదట, కొలవబడుతున్నది ఏమిటి? ఆంగ్లంలో దీనిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. నిర్వహణాశక్తి అని నేను అనుకొంటున్నాను. ఇది పాండిత్యం కాదు, జ్ఞాపకం ఒక్కటే కాదు. పనిని మొదలుపెట్టడం, ముందు వెనుకలు ఏర్పరచుకోవడం, మధ్యలో అవసరమైనది మనసులో నిలుపుకోవడం, తప్పు దొర్లితే గమనించి దిద్దుకోవడం, నోటికి వచ్చిన మాటను ఆపుకోవడం, పరిస్థితి మారితే తానూ మారడం - ఇవన్నీ కలిసిన శక్తి. మగ్గం భాషలో చెప్పాలంటే పట్టుపోగు కాదు, జరీ కాదు; ఏ పోగు ఎప్పుడు లేవవలెనో నిర్ణయించే జకార్డు అట్టల వరుస వంటిది.

ఈ శక్తి ఉన్నదని లోకానికి తెలిసినది అది చెడినప్పుడే. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుదారి కోసం బండలు పేల్చే పనిలో ఉన్న ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ తలలోనుంచి ఇనుప కడ్డీ దూసుకొనిపోయింది. మనిషి బ్రతికినాడు, మాట్లాడినాడు, నడిచినాడు. కాని ఇదివరకటి మనిషి కాదని, నిలకడ లేనివాడు, నోటికి అదుపు లేనివాడు అయినాడని వైద్యుడు జాన్ హార్లో 1868లో ప్రకటించినాడు. శతాధిక వర్షాలుగా పాఠ్యపుస్తకాలన్నీ ఆ చిత్రాన్నే దించుకొన్నవి. అదే గేజ్ 1852లో చిలీ దేశానికి వెళ్ళి, అక్కడ ఏండ్ల తరబడి గుర్రపు బండి తోలినాడు. ఆరు గుర్రాల పగ్గాలు పట్టి, ప్రయాణికులను వేళకు చేర్చే పని నిర్వహణాశక్తి లేనివాడు చేయగలిగినది కాదు. ఈ సంగతిని ఇటీవలి కాలంలో మాల్కం మాక్మిలన్ వంటి చరిత్రకారులు ముందుకు తెచ్చినారు. దెబ్బ తగిలిన తొలి కాలపు మాట ఒకటి, తరువాతి జీవితం మరొకటి. లోకం మొదటిదానినే మార్కుగా ఖాయం చేసినది.

ఇరవయ్యవ శతాబ్దంలో రష్యా దేశపు అలెగ్జాండర్ లూరియా యుద్ధంలో తలకు గాయాలైన సైనికులను పరిశీలించి, పనిని రచించి, అదుపు చేసి, సరిచూసుకొనే బాధ్యత మెదడు ముందు భాగానిదని వివరించినాడు. 1982లో మ్యూరియల్ లెజాక్ ఒక చిక్కును ఎత్తి చూపినది. పరీక్ష గదిలో ఏమి చేయవలెనో, ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో పరీక్షకుడే చెప్తాడు. అంటే రోగిలో లోపించిన నిర్వహణాశక్తిని ఆ గంటసేపు పరీక్షకుడే అరువిస్తున్నాడన్నమాట. ఇక లోపం ఎట్లా బయటపడుతుంది? అందుకే, గదిలో పరీక్షించడంతో ఆగక, నిత్యజీవితంలో ఆ మనిషి ఎట్లా ఉంటున్నాడో చూచినవారిని అడగాలనే ఆలోచన బలపడినది. 1996లో బార్బరా విల్సన్ బృందం వారి పరీక్షలతో పాటు వెలువడిన ఇరవై ప్రశ్నల పట్టికకు రెండు ప్రతులు - ఒకటి రోగికి, ఒకటి అతనిని ఎరిగినవారికి. 2005లో రాత్, ఇస్‌క్విత్, జియోయా అనేవారు పెద్దల కోసం వెలువరించిన బ్రీఫ్-ఎ అనే ప్రశ్నావళిలో 75 వాక్యాలు, 9 శాఖలు. ప్రతి వాక్యానికీ ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా అని మూడే జవాబులు. మా తమ్మునికి ఇచ్చినది ఈ తరగతిలోనిదే.

ఇక ఒకరిని గురించి మరొకరు వేసే మార్కుల సంగతి. ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఒక పాఠశాలలో కొంతకాలం ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. సహోద్యోగులను గురించి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు వ్రాయవలసిన పని పడినది. ఒక ఉపాధ్యాయుడు రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. దానిమీద నాకూ ఆయనకూ మాటామాటా పెరిగినది. రిపోర్టులో సమయపాలన ఒక్క గడిలో తక్కువ వేయవలసినవాణ్ణి, బోధన, విషయజ్ఞానం, పిల్లలతో మెలగడం - అన్ని గడులలోనూ తక్కువే వేసినాను. అప్పుడు అది పక్షపాతమని తోచనే లేదు. నిజమే వ్రాస్తున్నాననుకొన్నాను. ఆయన పాఠం చెప్తుంటే పక్క తరగతి పిల్లలు కూడా చెవి ఒగ్గి వినేవారని నాకు తెలుసు.

ఈ దోషానికి 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పేరు పెట్టినాడు. సైన్యంలో పై అధికారులు క్రింది అధికారులకు వేసిన మార్కులను పరిశీలించగా, తెలివికి వేసిన మార్కు, దేహదార్ఢ్యానికి వేసిన మార్కు, నాయకత్వానికి వేసిన మార్కు - అన్నీ ఉండదగినదానికన్న మించి ఒకదానితో ఒకటి కలిసిపోతున్నవని చూపినాడు. మనిషిమీద మొత్తంగా ఏర్పడిన అభిప్రాయం ప్రతి గడిలోకి కారిపోతుంది. దానినే హేలో దోషమన్నాడు. దేవతా విగ్రహం వెనుక ప్రభామండలం వంటిది. ముఖమంతా అదే వెలుగులో కనిపిస్తుంది. నా విషయంలో అది వెలుగు కాదు, మసి.

ఒకరి మాటనుబట్టి మరొకరిని తూచడం మా సీమకు కొత్త కాదు. పెనుకొండలో పనిచేసినప్పుడు పిల్లలను కోట చూపడానికి తీసుకొనిపోయేవాణ్ణి. మహామంత్రి తిమ్మరుసు సమాధిగా చూపే కట్టడం అక్కడ ఉన్నది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూచిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, రాజుకు అత్యంత ఇష్టుడు, రాజగృహమంతటినీ శాసించే వృద్ధుడు తిమ్మరుసేనని వ్రాసినాడు. 1530లలో వ్రాసిన మరొక పోర్చుగీసువాడు నూనిజ్, తన కుమారుని మరణానికి తిమ్మరుసు కుటుంబమే కారణమని రాజు నమ్మి, వారిని చెరలో వేసి కన్నులు తీయించినాడని చెప్పినాడు. ఇద్దరు సాక్షులు, ఒకే మనిషి, నడుమ పదిహేనేండ్లు. ఏ ఒక్క సాక్షిని చదివినా తిమ్మరుసు సగమే కనిపిస్తాడు.

హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షిలో విరూపణ్ణ కథ అందరికీ తెలిసినదే. అచ్యుతదేవరాయల కాలంలో ఆలయం కట్టించిన కోశాధికారి, ప్రభువు సెలవు లేకుండా ధనం వ్యయం చేసినాడన్న నింద విని తన కన్నులు తానే తీసి గోడకు కొట్టినాడని స్థలపురాణం. ఆ గోడమీది ఎఱ్ఱని మరకలను నేటికీ చూపుతారు. అది చరిత్ర కాదు, ఐతిహ్యం. కాని ఖజానా ఖాళీ అయినదన్న ఒక్క లెక్కను చూచినవారు, ఎదుట లేచిన రాతిని చూడలేదన్న బాధ ఆ కథలో ఉన్నది. అంకెకు సందర్భం తోడు కాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న మంచి కథ మా ప్రాంతంలో నాకు దొరకలేదు.

ఇప్పుడు 49, 72 అనే అంకెల దగ్గరకు వద్దాం. వీటిని టి స్కోరు అంటారు. ఇది మా ఉపాధ్యాయ వృత్తిలోనే పుట్టినదని తెలిసి ఆశ్చర్యపోయినాను. 1922లో కొలంబియా ఉపాధ్యాయ కళాశాలకు చెందిన విలియం మెకాల్, బడిపిల్లల చదువును కొలవడానికి పన్నెండేండ్ల పిల్లలను ప్రమాణంగా తీసికొని దీనిని కల్పించినాడు. థార్న్‌డైక్, టెర్మన్ అనే ఇద్దరి గౌరవార్థం టి అన్న అక్షరం. గణితంలో వచ్చిన 40, తెలుగులో వచ్చిన 40 ఒకటి కావని ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు. తరగతి మొత్తం ఎట్లా వ్రాసినదో చూస్తేనే ఆ 40 మంచిదో చెడ్డదో తెలుస్తుంది. మెకాల్ చేసినదీ అదే. పోల్చదగిన జనసమూహపు సగటును 50 అన్నాడు. సగటునుంచి ఎడం ఎంతో చెప్పే ప్రామాణిక విచలనం ఒక్కొక్కదానికి 10 అన్నాడు.

కనుక 72 అంటే నూటికి డెబ్బైరెండు వంతులు చెడినదని కాదు. 49 అంటే పాసూ కాదు. పైగా ఈ ప్రశ్నావళిలో అంకె పెరిగినకొద్దీ ఇబ్బంది ఎక్కువ. బడి మార్కులకు పూర్తిగా వ్యతిరేకం. 49 అంటే తన వయసువారి సగటు మనిషి చెప్పుకొనేటన్ని ఇబ్బందులే తమ్ముడు తన్ను గురించి చెప్పుకొన్నాడని. 72 అంటే నూటికి ఒకరిద్దరిని గురించి మాత్రమే చెప్పేటన్ని ఇబ్బందులు మరదలు చెప్పినదని. బ్రీఫ్-ఎ వంటివాటిలో 65 దాటితే శ్రద్ధగా చూడవలెనంటారు. ఆరోగ్యవంతులలోనే నూటికి ఆరేడుగురు ఆ గీత దాటుతారు. తొమ్మిది శాఖలలో ఏదో ఒకదానిలో దాటేవారు ఇంకా ఎక్కువమంది. 65 అనేది తలుపు తట్టడమే గాని తీర్పు చెప్పడం కాదు.

కొలతలో పొరపాటు మరొకటి. మా కిరాణా కొట్టు తక్కెడ కూడా ఒక గింజ అటూ ఇటూ ఊగుతుంది. ప్రశ్నావళి విశ్వసనీయత 0.90 అనుకొంటే, వచ్చిన అంకెకు ఇరుప్రక్కల సుమారు ఆరేసి చుక్కలు వదలవలెను. అప్పుడు 72 అనేది 66కూ 78కీ నడుమ ఎక్కడైనా ఉండవచ్చు. 64 వచ్చినవాడు బాగున్నట్టు, 66 వచ్చినవాడు చెడినట్టు చెప్పడం, 34 మార్కుల పిల్లవాడు మూర్ఖుడు, 35 మార్కులవాడు పండితుడు అన్నట్టే ఉంటుంది. ఆ అన్యాయం మేము ఏటేటా చేసినవాళ్ళమే.

మూడవది, పోలిక ఎవరితో? ఈ ప్రశ్నావళుల ప్రమాణ సమూహం అమెరికా వారిది. మా మరదలు ఏడవ తరగతితో ఆగినది. కొడుకు ఆంగ్ల వాక్యాలను తెలుగులో చదివి చెప్తుంటే ఆమె జవాబు చెప్పినది. మా వాళ్ళకు "అప్పుడప్పుడు" అంటే ఏడాదికి రెండుసార్లూ కావచ్చు, రోజుకు రెండుసార్లూ కావచ్చు. పైగా ఆస్తి తనకు అప్పగించమనే కొడుకే అనువాదకుడు! నోటిమాటగా చేసిన అనువాదానికి అమెరికా ప్రమాణాన్ని అట్లాగే తగిలించడం, గజంతో కొలిచి మీటరు లెక్క చెప్పడం వంటిది. మన దేశంలో ఈ లోపాన్ని గుర్తించి పనిచేసినవారున్నారు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2004లో వెలువరించిన నాడీమనస్తత్వ పరీక్షలలో వయసు, లింగం, చదువులనుబట్టి వేరువేరు ప్రమాణాలు ఏర్పరచినారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా వచ్చినదని, చదువురానివారిలో కూడా ఆ తేడా ఉన్నదని తేలింది. ఇంట తెలుగు, సంతలో కన్నడం, మగ్గాల వీధిలో ఉరుదూ మాట్లాడే మా హిందూపురం, ధర్మవరం మనుషుల బుద్ధిని, ఒకే భాషలో బ్రతికే ఊరివారితో పోల్చేముందు రెండుసార్లు ఆలోచించవలెను.

నాలుగవది, ప్రశ్నావళి చెప్పేదీ గదిలో చేసే పరీక్ష చెప్పేదీ ఒకటి కావు. 2013లో టాప్లాక్, వెస్ట్, స్టానోవిచ్ ఇరవై పరిశోధనలను కూర్చి చూస్తే, ఆ రెండింటి నడుమ సంబంధం మధ్యస్థంగా 0.19 మాత్రమే. అంటే చాలా స్వల్పం. ఒకటి అబద్ధమని కాదు. ఎదుట పెట్టిన పనిని చేయగలడా అన్నది ఒక ప్రశ్న. నిత్యం ఇంట్లో, బజారులో చేస్తున్నాడా అన్నది మరొక ప్రశ్న. వ్యాకరణ పరీక్షలో సంధులన్నీ సరిగా విడదీసిన పిల్లవాడు ఉత్తరం వ్రాస్తే తప్పులు ఉండవచ్చు గదా!

రెండు వారాల తరువాత మళ్ళీ బెంగళూరు వెళ్ళినాము. నా ప్రశ్నలన్నీ విని ఆ నిపుణురాలు నవ్వి, "సార్, మొత్తం అంకె చూడకండి, శాఖలు చూడండి" అన్నది. మరదలి కాగితంలో కోపాన్ని ఆపుకోవడం, పని మధ్యలో సంగతులను మనసులో నిలుపుకోవడం అనే రెండు శాఖలు బాగా పైన ఉన్నవి. ప్రణాళిక వేయడం, పని మొదలుపెట్టడం అరవై లోపే. వరుసగా అన్నీ చెడ్డవని వ్రాసే ధోరణి ఉందేమో పసిగట్టే శాఖలు వేరే ఉన్నవట. మరదలు వాటిలో తప్పు పట్టదగినట్టు వ్రాయలేదు. తలకు దెబ్బ తగిలినవారికి తమ లోపం తమకు తెలియకపోవడం కూడా దెబ్బలో భాగమే కావచ్చు గనుక, తమ్ముని 49 ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. ఆరు నెలలుగా నిద్రలేని మనిషి నింపినది గనుక, 72లో కొంత ఆమె అలసట కూడా ఉండవచ్చు. రెండంకెల నడుమ ఉన్న ఎడమే అసలు చూడవలసినదన్నది ఆమె. మూడవ సాక్షిని అడగండి, కళ్ళతో చూడండి అన్నది.

ధర్మవరంలో రెండు రోజులు మగ్గాల దగ్గర కూర్చున్నాను. తెల్లవారి ప్రశాంతంగా ఉన్నప్పుడు తమ్ముడు కొత్త డిజైనుకు రంగులు ఎంచి, పడుగు లెక్క కట్టి, ఒక్క తప్పు లేకుండా మగ్గానికి ఎక్కించినాడు. పది గంటలకు ఫోను మ్రోగింది. అదే సమయానికి ఇద్దరు నేతగాండ్లు కూలికి వచ్చినారు. రేషంవాడు బిల్లు పట్టుకొని నిలబడినాడు. అంతే, చేతిలో ఉన్న లెక్క జారిపోయింది, కోపం లేచింది. ముప్పై ఏండ్లుగా అక్కడే నేస్తున్న పెద్దాయనను అడిగితే, "ఒక్క పని చెప్తే అయ్య మునుపటి అయ్యే సామీ. నాలుగు ఒకేసారి వస్తే మనిషి మారిపోతాడు" అన్నాడు. 49, 72 రెండూ చెప్పలేనిది ఆయన రెండు వాక్యాలలో చెప్పినాడు. అయితే ఆ కాగితం లేకపోతే ఆయనను ఏమి అడగవలెనో నాకు తెలిసేది కాదు.

లెక్కలు కొడుక్కి పూర్తిగా అప్పగించలేదు. పాతపద్ధతిలో ఉంచనూ లేదు. డిజైను, రంగు, పడుగు తమ్మునివి. ఫోను కొడుకుది. కూలి శనివారం ఒక్కనాడే, ఇద్దరూ కలిసి, పుస్తకంలో వ్రాసి. ఎవరికి ఏ అంచు చెప్పినదీ గోడకు తగిలించిన పలకమీద వ్రాయడం. మరదలికి నెలకు వారం రోజులు పుట్టింట విశ్రాంతి. ఆరు నెలల తరువాత ఆమె మళ్ళీ నింపినది. ఈసారి ప్రశ్నలు చదివినది కొడుకు కాదు, ఆసుపత్రి మనిషి. 64 వచ్చింది. ఆ తగ్గిన ఎనిమిదిలో తమ్ముని బుద్ధి కుదురుకొన్నది ఎంతో, ఇల్లు కుదురుకొన్నది ఎంతో, చదివినవారు మారినందువల్ల వచ్చిన తేడా ఎంతో కాగితం చెప్పదు. తమ్ముడు తన్ను గురించి నింపినది ఈసారి 57. తనకు ఇబ్బంది ఉన్నదని మొదటిసారి ఒప్పుకొన్నాడన్నమాట. అంకె పెరిగినందుకు మేము సంతోషించిన పరీక్ష అది ఒక్కటే.

ఇట్టి కాగితం మీ ఇంటికి వస్తే, అంకె పక్కన పెన్సిలుతో నాలుగు సంగతులు వ్రాసుకొమ్మని నా మనవి: ఎవరు నింపినారు, ఎప్పుడు నింపినారు, ఏ భాషలో నింపినారు, ఎవరితో పోల్చినారు. ఆ తరువాత చదవండి.

నేను అన్ని గడులలో తక్కువ వేసిన ఆ ఉపాధ్యాయుడు ఇప్పుడు లేరు. ఆయన తల్లి మంచం పట్టి ఉండేదని, ఆమెకు స్నానం చేయించి, అన్నం పెట్టి వచ్చేసరికి ఆ పది నిమిషాలు ఆలస్యమయ్యేదని ఆయన పోయిన తరువాత వారి అబ్బాయి చెప్తే తెలిసినది. ఆ రిపోర్టులో అందుకు గడి లేదు. నేను అడగనూ లేదు.